ట్రాలీ కొటేషన్ మీద తయారైన నెల వేయించండి

సంపాదకుల గారికి నమస్కారం.

సంక్రాంతి ముందు నుంచి మీ జిల్లా పేజీల్లో ట్రాలీల, అంటే చిన్న సరుకు బండ్ల, ప్రకటనలు తెగ వస్తున్నాయి. ‘పోయినేడు స్టాక్’, ‘కొన్ని బండ్లే మిగిలాయి’, ‘లక్ష దాకా తగ్గింపు’, కింద కంటికి ఆనని అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’. ప్రకటనలు వేసుకోవద్దని నేను అనను, పత్రిక నడవాలంటే అవీ కావాలి. కానీ కొనేవాడికి ముఖ్యంగా కావలసిన రెండు సంగతులు వాటిలో ఎప్పుడూ కనిపించవు. ఆ బండి ఏ ఏడాది ఏ నెలలో తయారైంది, అది డీజిలా, పెట్రోలా, గ్యాసా (సీఎన్‌జీ). లక్ష అన్న అంకె మాత్రం ఇంత లావు వేస్తారు. దాన్ని చూసి మా దేవరకొండ వైపు పిల్లలు భూమి కాగితాలు పట్టుకుని ఫైనాన్స్ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా వేయండి, కత్తిరించాల్సి వస్తే నా సొంత సంగతులు కత్తిరించండి, లెక్కలు మాత్రం ఉంచండి.

నేను చాలా ఏళ్లు బొలెరో ట్రాలీ నడిపినవాడిని. బత్తాయిలు, కూరగాయలు, సిమెంటు, పెళ్లి సామాను, ఎన్నికలప్పుడు జనం, అన్నీ మోశాను. ఇప్పుడు నడపడం మానేశాను గాని ఊళ్లో ఎవరు బండి కొనాలన్నా నన్ను వెంటేసుకుని పోతారు. మొన్న మా అక్క కొడుకు తీసుకుపోయాడు. వాడికి ఆరెకరాల బత్తాయి తోట ఉంది, చుట్టుపక్కల నాలుగు ఊళ్ల కూరగాయలు ఎత్తుకుని కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్ మీదుగా హైదరాబాద్ మార్కెట్లకు వేయాలని ఆలోచన. పోనూ రానూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పేరు ఎందుకు గాని, పేరున్న షోరూమే. లోపల అద్దాల వెనక మెరిసే బండ్లు కాకుండా వెనక యార్డులోకి తీసుకుపోయి రెండు ట్రాలీలు చూపించాడు సేల్స్ పిల్లగాడు. రెండూ గ్యాస్ బండ్లే, చిన్నవే. “పోయినేడు బండ్లన్నా, ఈ రేటుకు మళ్లీ రావు” అన్నాడు.

నేను టైరు పక్కన కూచుని దుమ్ము తుడిచి చూశాను. టైరు గోడ మీద గుడ్డు ఆకారంలో చిన్న గడి ఉంటుంది, అందులో నాలుగు అంకెలు. మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. అక్కడ 3224 అని ఉంది. అంటే 2024లో ముప్పై రెండో వారం, ఆగస్టు. నాలుగు టైర్లూ ఆ దగ్గరి వారాలవే. టైరు ముందు తయారై బండికి తర్వాత ఎక్కి ఉండొచ్చు కదా అనుకుని ఛాసిస్ నంబర్ చూపించమన్నాను. పదిహేడు అక్షరాల నంబర్ అది, మన దగ్గర అమ్మే చాలా కంపెనీల బండ్లలో పదో అక్షరం ఏడాదిని చెబుతుంది. ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025, టీ అంటే 2026. అక్కడ ఆర్ ఉంది. మనం ఉన్నది 2026లో. పోయినేడు అని అమ్ముతున్న బండి అంతకు ముందేడుది!

అడిగితే పిల్లగాడు తడబడలేదు. “అన్నా, బండి కొత్తదే. షెడ్డుల ఉన్నది, అంతే. ఇంజన్‌కు ఏడాది తెల్వదు కదా” అన్నాడు. “ఇంజన్‌కు తెల్వకపోవచ్చు తమ్మీ, రేపు మేం అమ్మబోతే కొనేటోనికి తెలుస్తది” అన్నాను. మా వాడు మాత్రం నన్ను పక్కకు లాగి, “మామా, తొంభై వేలు తగ్గిస్తుండు, ఇంతకన్నా తక్కువకు రాదట, బయానా ఇచ్చేద్దామా” అని గుసగుస.

ఆ తొంభై వేల సంగతి చూద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 28 శాతంతో పది లక్షలు ఉన్న ట్రాలీ అసలు ధర 7 లక్షల 81 వేల చిల్లర, దాని మీద 18 శాతం వేస్తే 9 లక్షల 22 వేలు కూడా కాదు. అంటే షోరూం వాడు జేబులోంచి రూపాయి తీయకుండానే 78 వేలు తగ్గాలి. పన్ను అమ్మిన రోజు రేటు ప్రకారం పడుతుంది, తయారైన రోజుది కాదు, కాబట్టి ఆ తేదీకి ముందు తయారై యార్డులో నిలబడ్డ బండికీ ఇప్పుడు పడేది 18 శాతమే. ఇప్పుడు కొంతమంది చేస్తున్న పని ఏమిటంటే పాత ధర కాగితం ముందు పెట్టి, దాంట్లోంచి తొంభై వేలు కొట్టేసి, చూశారా ఎంత తగ్గించామో అంటున్నారు. అందులో ముప్పాతిక భాగం పైగా ప్రభుత్వం తగ్గించిందే. మిగిలిన పన్నెండు వేలు ఏడాదిన్నర పాత బండికి ఇచ్చే తగ్గింపా? కొత్త బండికే బేరమాడితే సీటు కవర్లు, సరుకు మీద కప్పే టార్పాలిన్ పట్టా, మొదటి ఇన్సూరెన్స్‌లో కొంత కలిపి అంత ఇస్తారు. కాబట్టి ఇప్పటి జీఎస్టీతో ఈ ఏడాది బండి ధరెంత అని ముందు అడగాలి, ఆ ధర మీద పాత బండికి ఎంత తగ్గిస్తావో చెప్పమనాలి. పాత ధర కాగితం అసలు చేతిలోకే తీసుకోవద్దు.

ఎంత తగ్గితే న్యాయం అని మా వాడు అడిగాడు. ఇన్సూరెన్స్ కంపెనీలు బండి విలువ కట్టే తరుగు పట్టిక ఒకటుంది, ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఆరు నెలల నుంచి ఏడాదికి 15, ఏడాది దాటి రెండేళ్ల లోపుకు 20. ఇది రోడ్డు మీద తిరిగిన బండ్లకు పెట్టుకున్న లెక్క, యార్డులో నిలబడ్డ బండికి అంత తరుగు ఇవ్వమంటే ఏ డీలరూ ఇవ్వడు, నాకు తెలుసు. కానీ వయసు విలువను ఎలా తింటుందో అందులో కనపడుతుంది. ఆర్సీ మీద రిజిస్టర్ అయిన తేదీతో పాటు తయారైన నెల, ఏడాది కూడా అచ్చవుతాయి. అయిదేళ్ల తర్వాత అమ్మేటప్పుడు సెకండ్ హ్యాండ్ వాళ్లు మొదట వేలు పెట్టేది అక్కడే, మనం 2026లో కొన్నామని ఎంత మొత్తుకున్నా వాడి నోట 2024 మోడల్ అనే వస్తుంది. మూడేళ్లకే అమ్మి పెద్ద బండి కొందామనుకునేవాడికి ఇది పెద్ద దెబ్బ. పదేళ్లు అరగదీసి తుక్కుకు వేసేవాడికి పెద్ద తేడా ఉండదు, వాడు దర్జాగా పాత స్టాక్ కొనుక్కోవచ్చు.

తేదీల వల్ల బండి ధర కూలడం మన వాళ్లకు కొత్త కాదు. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు బీఎస్3 (బీఎస్ అంటే బండి పొగకు ప్రభుత్వం పెట్టిన హద్దు) బండ్లు ఏప్రిల్ 1 నుంచి అమ్మొద్దంటే చివరి రెండు రోజులు షోరూంల ముందు జనం ఎలా ఎగబడ్డారో అందరికీ గుర్తుండే ఉంటుంది, బజారంతా కొత్త బైకులే. మళ్లీ 2020 ఏప్రిల్ 1తో బీఎస్4 బంద్, అప్పుడు లాక్‌డౌన్ వచ్చి కొందరి బండ్లు రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కున్నాయి. ఇప్పుడు యార్డుల్లో ఉన్నవి బీఎస్6వే కాబట్టి ఆ టెన్షన్ లేదు. కానీ బీఎస్6 బండిని ఎండలో ఏడాదిన్నర నిలబెట్టడం వేరే కథ, పాత బండ్లకు లేని జబ్బులు దీనికి ఉన్నాయి.

బ్యాటరీ డౌన్ అవడం, టైర్లు ఒకే చోట నిలబడి అడుగున చదును పడటం, బ్రేక్ డ్రమ్ములు తుప్పు పట్టడం, ఎలుకలు వైర్లు కొరకడం, ఇవి ఏ మెకానిక్ అయినా చెబుతాడు. బ్యాటరీ కొత్తది వేయించుకోండి, టైర్లు మార్చకపోతే రేటు తగ్గించమనండి, ఇంజన్ ఆయిల్ మార్చి ఇవ్వమనండి, వారంటీ మీ చేతికి బండి వచ్చిన రోజు నుంచే మొదలవుతుందని కాగితం మీద రాయించుకోండి. ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది. కొన్ని డీజిల్ బండ్లకు పొగ శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో డెఫ్ అనే ద్రవం పోస్తారు, బంకుల్లో యాడ్‌బ్లూ అంటే ఇస్తారు. అది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. 25 డిగ్రీల చల్లదనంలో ఏడాదిన్నర నిలవ ఉంటుంది, 35 డిగ్రీల వేడిలో ఆరు నెలలే. మన నల్లగొండ ఎండలు ఎలాంటివో చెప్పక్కర్లేదు. ఒక ఎండాకాలం మొత్తం యార్డులో కాగిన బండి ట్యాంకులో ఆ ద్రవం పనికొస్తుందని నేను నమ్మను. దాన్ని ఒంపేసి కొత్తది పోయించి, డాష్‌బోర్డు మీద లైటు ఏదీ వెలగడం లేదని చూసుకుని అప్పుడు తాళం తీసుకోవాలి. అన్ని డీజిల్ బండ్లకూ ఈ ట్యాంకు ఉండదు, మీరు కొనేదానికి ఉందో లేదో అడగండి.

ఆ ద్రవం యూరియాయే కదా అని పొలానికి తెచ్చిన యూరియాను బకెట్లో కలిపి పోసే తెలివిగాళ్లను కూడా చూశాను. నయం, పోయిన వానాకాలం యూరియా బస్తా కోసం సొసైటీల ముందు చెప్పులు వరసలో పెట్టిన పుణ్యమా అని కొందరు ఆ పని చేయలేకపోయారు! పొలం యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, 2015 నుంచి అంతా అదే, అది పైపుల్లో గడ్డకట్టి సైలెన్సర్ లోపల పొగను శుభ్రం చేసే కెటలిస్ట్‌ను పాడు చేస్తుంది. దాన్ని మార్చాలంటే ఒక కాపు బత్తాయి డబ్బులు పోయాల్సిందే.

ఇక అసలు మాట. యార్డులో బండి ఊరికే మిగలదు. జనం అడిగిన ఇంజన్ నవంబర్‌లోనే అమ్ముడుపోతుంది, అడగని ఇంజన్ మిగులుతుంది. దాని మీద తగ్గింపు పెడతారు. ఆ తగ్గింపు చూసి మనవాడు తనకు పనికొచ్చే ఇంజన్ వదిలేసి మిగిలిపోయిన ఇంజన్ తెచ్చుకుంటున్నాడు. నా బాధ ఇదే. ఏడాది పాత బండి కొనడంలో తప్పేమీ లేదు, తొంభై వేలకు ఆశపడి పదేళ్లు తప్పు ఇంజన్‌తో కాపురం చేయడమే తప్పు.

మా వాడి పని చూడండి. రోజూ టన్ను, టన్నున్నర సరుకుతో రెండు వందల కిలోమీటర్లు, అందులో సగం రాత్రిపూట. వాడికి చూపించింది చిన్న గ్యాస్ ట్రాలీ. గ్యాస్ బండ్లలో సిలిండర్ బరువు సరుకు బరువులోంచే పోతుంది, మారుతి సూపర్ క్యారీలోనే పెట్రోల్ బండి 740 కిలోలు మోస్తే గ్యాస్ బండి 625 కిలోలే. కొన్ని గ్యాస్ బండ్లకు పెట్రోల్ ట్యాంకు అయిదు లీటర్లే, అంటే గ్యాస్ అయిపోతే దగ్గరి బంకు దాకా పాక్కుంటూ పోవడానికి తప్ప బతకడానికి కాదు. గ్యాస్‌ను కిలోల లెక్కన, దాదాపు 200 బార్ ఒత్తిడితో నింపుతారు. బంకుకు లారీ మీద సిలిండర్లలో వచ్చే చోట సాయంత్రానికి ఒత్తిడి పడిపోతే సగమే ఎక్కుతుంది, మళ్లీ ఇంకో బంకు దగ్గర లైను కట్టాలి. లైన్లో గంట నిలబడితే వంకాయ వాడిపోదు గాని మార్కెట్లో వేలం పాట అయిపోతుంది. మూడేళ్లకోసారి సిలిండర్‌కు నీటి ఒత్తిడి పరీక్ష కూడా చేయించాలి, ఆ సంగతి షోరూంలో ఎవరూ చెప్పరు. మా వాడు సరుకు ఎత్తే పల్లె రోడ్ల మీద గ్యాస్ బంకు లేనే లేదు. అదే బండి చౌటుప్పల్ దగ్గరో, హయత్‌నగర్ దగ్గరో ఉంటూ నగరంలో పాల ప్యాకెట్లు, కొరియర్ పెట్టెలు వేసేవాడికి బంగారం, వాడికి ఇంటి పక్కనే గ్యాస్, కిలోమీటరు ఖర్చు తక్కువ. అలాంటివాడు ఈ తొంభై వేల బండి కొంటే వాడికి నా ఆశీస్సులు.

అలాగని మా ఊళ్లో అందరూ అనుకున్నట్టు ట్రాలీ అంటే డీజిలే అన్న మాటా ఇప్పుడు నిజం కాదు. నేను నడిపిన రోజుల్లో నిజం. బీఎస్6 వచ్చాక డీజిల్ బండి సైలెన్సర్లో మసిని పట్టే ఫిల్టర్ పెట్టారు, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది తనలోనే కాల్చుకోవాలి, కాలడానికి వేడి కావాలి, ఆ వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా మంచి వేగంలో పోవాలి. విజయవాడ హైవే ఎక్కి నార్కట్‌పల్లి నుంచి పంతంగి టోల్ దాకా ఒక్క తీరున పోయే బండికి ఆ పని దానంతటదే అయిపోతుంది. పొలం దగ్గర్నుంచి ఊళ్లోకి, ఊళ్లోంచి దేవరకొండకు, రెండో గేరు మూడో గేరులో పది కిలోమీటర్లు పోయి ఆపేసి, మళ్లీ సాయంత్రం స్టార్ట్ చేసే బండికి ఆ మసి కాలదు. నెలలకే ఫిల్టర్ నిండి లైటు వెలుగుతుంది, పికప్ చచ్చిపోతుంది, షోరూం వాడు ల్యాప్‌టాప్ తగిలించి మసి కాలేలా చేసి బిల్లు చేతిలో పెడతాడు. లైటు వెలగగానే ఇంజన్ ఆపి ‘చల్లారనిద్దాం’ అనేవాళ్లు ఎక్కువ, చేయాల్సింది దానికి పూర్తిగా ఉల్టా, అప్పుడే హైవే ఎక్కించి ఇరవై నిమిషాలు నడపాలి. ఆ ఫిల్టర్ కోసి పారేసే మెకానిక్‌లు ఉన్నారు, చట్టం ఒప్పుకోదు, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరా వారంటీ దగ్గరా ఇరుక్కుంటారు. ఊళ్లో కిరాణా కొట్టు ముందు డబ్బాల్లో అమ్మే డీజిల్ కూడా ఈ ఇంజన్లకు పడదు. బీఎస్6 డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాల్లో పది మాత్రమే, బీఎస్4లో యాభై ఉండేది, ఈ ఇంజన్‌ను ఆ శుభ్రతకే కట్టారు. కిరోసిన్ కలిస్తే ఇంజెక్టర్లు గోవిందా.

కాబట్టి దగ్గరి తిరుగుడు వాళ్లు డబ్బు లెక్క వేసుకోవాలి. ఒకే కంపెనీలో డీజిల్ బండి పెట్రోల్ బండి కంటే లక్ష ఎక్కువ అనుకుందాం. మన దగ్గర పెట్రోల్ కంటే డీజిల్ రేటు తక్కువ. రేటులో, మైలేజీలో కలిపి డీజిల్ మీద కిలోమీటరుకు రూపాయి మిగిలితే ఆ లక్ష రాబట్టడానికి లక్ష కిలోమీటర్లు తిరగాలి. రోజుకు నలభై కిలోమీటర్లు, ఏడాదికి మూడు వందల రోజులు తిరిగేవాడికి అది ఎనిమిదేళ్ల పైన పడుతుంది. రోజుకు రెండు వందలు తిరిగే మా వాడికి రెండేళ్లు కూడా పట్టదు. కిలోమీటరుకు రెండు రూపాయలు మిగులుతుందని మీ లెక్క చెబితే ఏళ్లను సగం చేసుకోండి, ఎవరి రోడ్డు వారిది. కానీ ఊరి చుట్టూ పాలు, దాణా, నారు మోసుకునేవాడికి పెట్రోల్ ట్రాలీయే మేలని నేను గట్టిగా చెబుతాను, ఎవరేమనుకున్నా సరే. నడపడం తేలిక, పొద్దున్నే ఠక్కున స్టార్ట్ అవుతుంది, మసి ఫిల్టర్ గొడవ ఉండదు.

పెట్రోల్‌లో పాత స్టాక్ కొనేవాళ్లు ఒక తేదీ గుర్తు పెట్టుకోవాలి. బంకుల్లో ఇప్పుడు పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఈ20. ప్రభుత్వం వేసుకున్న ప్రణాళిక ప్రకారం 2023 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లలో రబ్బరు పైపులు, సీళ్లు దాన్ని తట్టుకునేవి, 2025 ఏప్రిల్ నుంచి వచ్చేవి ఇంజనే దానికి ట్యూన్ చేసినవి. అంటే 2025 ఫిబ్రవరి బండికీ అదే ఏడాది జూన్ బండికీ తేడా ఉండొచ్చు, రెండూ ‘పోయినేడు’వే! ఇథనాల్‌లో పెట్రోల్ కంటే శక్తి తక్కువ, మైలేజీ కొంత తగ్గుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది, ట్యూన్ చేయని ఇంజన్‌లో ఇంకొంచెం ఎక్కువ తగ్గుతుంది. పైగా ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, ట్యాంకులో నెలల తరబడి నిలవున్న పెట్రోల్‌ను తీయించేసి తాజాది పోయించుకోవడం మంచిది. అందుకే ఏడాది ఒక్కటే చెబితే చాలదు, నెల కూడా చెప్పాలని అంటున్నాను.

కరెంటు ట్రాలీల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే నేను వాటిని నడపలేదు. మన రాష్ట్రంలో 2026 డిసెంబర్ 31 దాకా వాటికి రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, జీఎస్టీ 5 శాతమే. పట్టణంలోనే తిరిగి రాత్రికి ఇంటికొచ్చే పని అయితే ఆలోచించొచ్చు. బ్యాటరీ బండిని నెలల తరబడి యార్డులో నిలబెట్టి ఉంటే మాత్రం బ్యాటరీ వారంటీ ఏ రోజు నుంచి లెక్క వేస్తారో రాతపూర్వకంగా అడగండి.

జిల్లా జిల్లాకూ పని వేరు. కొల్లాపూర్ మామిడి ఏడాదికి రెండు నెలల పని, బండి మిగతా పది నెలలు ఏం చేస్తుందో దాన్ని బట్టి ఇంజన్. అచ్చంపేట, మన్ననూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కే శ్రీశైలం సరుకు బండికి తక్కువ స్పీడులో లాగే డీజిల్ తప్పదు, రాత్రి తొమ్మిది తర్వాత అడవి గేటు మూసేస్తారు కాబట్టి ఎత్తులో ఆయాసపడుతూ ఆలస్యం చేసే బండి అయితే ఒక రాత్రి పోయినట్టే. మిర్యాలగూడ మిల్లుల దగ్గర బియ్యం బస్తాలు మోసేవాళ్లు పర్మిట్ కూడా చూసుకోవాలి, బండీ సరుకూ కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. ఇంజన్ పెద్దది చూసి మురిసిపోయి ఈ గీత దాటేస్తారు, తర్వాత ఆర్టీఏ ఆఫీసు దగ్గర తెలుస్తుంది.

చివరగా మీరు చేయగలిగింది. బండి అమ్మినప్పుడు డీలరు ఇచ్చే సేల్ సర్టిఫికెట్, అదే ఫారం 21లో, తయారైన నెల, ఏడాది రాసే గడి ఉంది. చట్టం అడుగుతోంది, వాళ్లు రాస్తున్నారు. కానీ ఆ కాగితం మన చేతికి వచ్చేది డబ్బంతా కట్టాక, కిస్తీ మొదలయ్యాక. బయానా ఇచ్చేముందు చేతిలో పెట్టే కొటేషన్‌లో మాత్రం రంగుతో సహా అన్నీ ఉంటాయి, నెల ఒక్కటి ఉండదు. ఛాసిస్ నంబర్లో నెల అక్షరం ఎక్కడుందో కంపెనీకో తీరుగా ఉంటుంది, రైతు అది చదవలేడు, చదవాల్సిన అవసరమూ ఉండకూడదు. కొటేషన్ మీదే ఛాసిస్ నంబర్, తయారైన నెల, ఇంజన్ రకం, ఇప్పటి జీఎస్టీతో ధర రాసివ్వాలని రవాణా శాఖ ఒక్క ఆదేశం ఇస్తే సరిపోతుంది. వాళ్లు ఇచ్చేదాకా ఆగకుండా మీ పత్రిక తన వంతుగా పాత స్టాక్ ప్రకటన వేసే ప్రతి డీలరునూ ‘తయారైన నెల, ఇంధనం’ అని ఒక లైను పెట్టమని అడగొచ్చు. ఒక లైనుకు అదనంగా ఎంత తీసుకుంటారో అది మీ ఇష్టం.

మా వాడు ఆ రోజు బయానా ఇవ్వకుండానే వచ్చేశాడు, దారంతా నా మీద అలిగే ఉన్నాడు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో వేరే షోరూంలో 2025 అక్టోబర్ డీజిల్ పికప్ ఒకటి ఉందని ఫోన్ వచ్చింది, ఛాసిస్ నంబర్ ఫొటో పంపమన్నాం. అది జీఎస్టీ తగ్గాక తయారైన బండి, ఇంజన్ వాడి పనికి సరిపోతుంది, ఇప్పటి ధర మీద నలభై వేలు తగ్గిస్తామంటున్నారు. నేను యాభై అడగమన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా